ఊటపల్లె అడవికి పడిన మార్కులు

దుర్గవ్వ అడవి మొఖం చూడక ఇరవై ఏళ్ళయింది. అడవి తమ ఇంటికి ఏ దిక్కున ఉంటుందో కూడా ఆమెకు సరిగ్గా తెలియదు. ఈ సంగతి ఆమె తన వాకిట్లో కూర్చుని చెప్పింది. ఆ వాకిలి అయిపోయిన చోటే అడవి మొదలవుతుంది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ ఒక మోదుగు కొమ్మ గాలికి ఊగుతూ ఆమె తలమీది కొంగును గుంజుతూనే ఉంది.

ఎదురుగా పీట మీద కూర్చున్న ఫర్హీన్, ఒళ్ళో ట్యాబ్ పెట్టుకుని, మొహంలో ఏ భావమూ కనిపించకుండా తరువాతి ప్రశ్న చదివింది.

"కట్టెలు వారానికి ఎన్ని మోపులు తెస్తరు పెద్దమ్మా?"

"కట్టెలెందుకు బిడ్డా, గ్యాసున్నది గదా."

గ్యాసు నిజంగానే ఉంది. గ్యాసు బండ మీద బిందె ఉంది. బిందె మీద చెంబు ఉంది. బండకూ గోడకూ మధ్య ఒక సాలీడు మూడు తరాలుగా కాపురం చేస్తోంది. దానికి రెండడుగుల దూరంలో మూడు రాళ్ళ పొయ్యి మీద జొన్న గటక కుతకుతా ఉడుకుతోంది.

"మరి గా పొయ్యిల కాలుతున్నయేంది?"

దుర్గవ్వ పొయ్యి వైపు చూసింది. ఇంట్లో పొయ్యి ఉన్న సంగతి అప్పుడే తెలిసినట్టు చూసింది. "గవి నేను తెచ్చినయ్ గావు. గాలికొచ్చి పడ్డయ్."

"ఇంట్లకా?"

"మొన్న మస్తు గాలొచ్చింది."

ఫర్హీన్ 'సున్నా' అని కొట్టింది. చెప్పింది చెప్పినట్టు రాయాలన్నది రూలు. ట్యాబ్ మాటలు కూడా రికార్డు చేస్తుంది. చివర్లో వేలిముద్ర పడుతుంది. పండ్లు? సున్నా. ఆకులు? సున్నా. తేనె? తేనెటీగ అనేది ఎట్లా ఉంటుందో చూడాలని దుర్గవ్వకు చిన్నప్పటి నుంచీ కోరికట. మేకలు అడవిలో మేస్తాయా? మేయవు. ఊటపల్లె మేకలు ఆకు ముట్టవు.

"మందుచెట్లు?"

"మందుచెట్లంటె ఏంది బిడ్డా?"

ఇక్కడ ఫర్హీన్ వేలు ఆగిపోయింది. ఎందుకంటే ఆమె తండ్రి ఖైసర్‌కు మంచిర్యాల మార్కెట్లో జడీబూటీ దుకాణం ఉంది. పదకొండేళ్ళుగా ప్రతి గురువారం ఆ దుకాణం మెట్ల మీద మూట దించేది ఈ దుర్గవ్వే. నేలవేమును కొరికి చూసి అసలుదో కాదో చెప్పడం ఫర్హీన్‌కు ఏడో తరగతిలో నేర్పింది కూడా ఈ దుర్గవ్వే. ఆ చేదుకు ఫర్హీన్ రెండు రోజులు అన్నం తినలేదు. ఇప్పుడు ఆ ఇద్దరూ ఈ జన్మలో ఇదే మొదటిసారి కలిసినట్టు ఎదురెదురుగా కూర్చున్నారు. ట్యాబ్ మూల మీద ఎర్రదీపం వెలుగుతోంది. దుర్గవ్వ ఫర్హీన్‌ను చూడటం లేదు. ఆ దీపాన్ని చూస్తోంది.

ఆమె భయానికి కారణం ఫర్హీన్‌కు తెలుసు, ఊరికంతా తెలుసు. పోయినేడు ఎవరో పుస్తకం పట్టుకుని వచ్చి కట్టెలెన్ని తెస్తారని అడిగితే, దుర్గవ్వ మరిది గట్టయ్య మర్యాదగా మూడు మోపులని చెప్పాడు. వారం తిరగకముందే ఫారెస్టు బీటు సారు జీపు వచ్చింది. పదకొండు ఇళ్ళ గొడ్డళ్ళు తీసుకుపోయింది. గట్టయ్య మీద కేసు రాసింది. పుస్తకానికీ జీపుకూ సంబంధం ఉందో లేదో ఎవరూ తేల్చలేదు. ఊరు మాత్రం తేల్చేసుకుంది. ఆ రోజు నుంచి ఊటపల్లె అంత పుణ్యాత్ముల ఊరు గోదావరి రెండు ఒడ్డుల్లోనూ లేదు. అరవై రెండు ఇళ్ళు, అరవై రెండు సున్నాలు.

అయితే ఊటపల్లె వాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. చెప్పకూడదని సర్వే వాళ్ళందరి చేతా సంతకం పెట్టించుకున్నారు. కరెంటు ప్లాంటు నుంచి వచ్చే బూడిద పోయడానికి కొత్త జాగా కావాలి. రెండు జాగాలు చూశారు. ఒకటి గోదావరికి ఆదిలాబాద్ వైపు, ఊటపల్లె అడవి. రెండోది కరీంనగర్ వైపు, బోడగుట్ట. ఏది మనుషులకు తక్కువ ఉపయోగపడుతుందో కొలిచి, దాని మీద బూడిద పోస్తారు. నీళ్ళకు కొన్ని మార్కులు, చెట్లకు కొన్ని మార్కులు, జనం వాడకానికి అన్నిటికంటే ఎక్కువ మార్కులు. పరీక్షలాగే. కాకపోతే ఇందులో ఫెయిలైతే సప్లిమెంటరీ లేదు. మూడు నిలువుల బూడిద ఉంది.

దుర్గవ్వ వేలిముద్ర వేసింది. కట్టెపుల్లలు ఏరీ ఏరీ ఆమె బొటనవేలి గీతలు అరిగిపోయాయి. నాలుగోసారికి గానీ మిషన్ ఒప్పుకోలేదు.

* * *

బోడగుట్టను కొలిచింది రాజేశం. నస్పూర్‌లో ఫర్హీన్ వాళ్ళ ఇంటికి నాలుగు క్వార్టర్ల అవతల ఉంటాడు. బొగ్గుబావి కార్మికుడి కొడుకు. సాయంత్రం మంచిర్యాల బస్టాండులో ఇద్దరూ మిర్చిబజ్జీలు తింటూ ట్యాబులు పోల్చుకున్నారు.

"చెల్లె, నా గుట్ట ముంగట నీ అడవి ఏపాటిది," అన్నాడు రాజేశం. "ఇంటికి వారానికి తొంభై తొమ్మిది మోపులు."

"తొంభై తొమ్మిదా?"

"డబ్బాల రెండంకెలే పడుతయ్. లేకుంటె పరశురాములు ఆగేటోడు కాదు."

పరశురాములు అక్కడి వార్డు మెంబరు. ఎవరు ఎంత ఎక్కువ వాడుకుంటే వాళ్ళకు అంత పెద్ద స్కీము వస్తుందని ముందు రోజే ఊరంతా తిరిగి చెప్పాడు. ఎవరు చెప్పారని అడిగితే, పైనుంచి అన్నాడు. పైన ఆ రోజు రెండు గద్దలు తప్ప ఏమీ లేవని రాజేశం గట్టిగా చెప్పగలడు.

"నూట నలభై ఇండ్లు. వారానికి పదమూడు వేల ఎనిమిది వందల అరవై మోపులు," అన్నాడు. "గుట్టల సగం గ్రానైటుకే పోయింది. మిగిలింది బండలు. సర్కారు తుమ్మలు నలభై ఒకటున్నయ్, నేను లెక్కవెట్టిన. అండ్ల ఒకటి కరెంటు పోలు. తీగె పారి చెట్టు లెక్క కొడుతున్నది."

"తేనె?"

"ఇంటికి నెలకు తొంభై తొమ్మిది కిలోలు. సత్తమ్మ అని ముసలామె, ఒక్కతే ఉంటది, షుగరున్నది. ఆమె గూడ తొంభై తొమ్మిదే. మొత్తం నువ్వే తింటవా పెద్దవ్వా అన్న. ఏం జేత్తం కొడుకా, అడవి ఇత్తాంటె కాదంటమా అన్నది."

"నువ్వెట్ల రాసినవన్నా గివన్ని?"

"చెప్పింది చెప్పినట్టు రాయుమన్నడు గదా సారు. నువ్వేం రాసినవ్?"

ఫర్హీన్ ట్యాబ్ తిప్పి చూపించింది. రాజేశం పైనుంచి కిందికి చూశాడు. సున్నాల కాలమ్ నిండుగా, అందంగా, ఇడ్లీలు పరిచినట్టు ఉంది. అతని నవ్వు తగ్గింది.

"బూడిద మీ దిక్కే," అన్నాడు.

"నిజం చెప్పిస్త వాళ్ళతోని."

"చెప్పిస్తె? బూడిద ఎగిరి నా దిక్కు పడ్తది. ఆడ గూడ మనుషులే ఉంటరు చెల్లె. అబద్ధాలాడుతరు గాని మనుషులే."

ఫర్హీన్ మిగిలిన బజ్జీ అతని వైపు జరిపింది.

* * *

గురువారం దుర్గవ్వ మామూలుగానే వచ్చింది. ఖైసర్ దుకాణం మెట్ల మీద మూట దించి, విప్పి, ఒక్కొక్కటే బయట పెట్టింది. కరక్కాయలు. నేలవేము. చిల్లగింజలు. తపసి జిగురు. గల్లా దగ్గర ఫర్హీన్ కూర్చుని ఉందని చూసి కూడా ఆమె చేతులు తడబడలేదు.

"మందుచెట్లంటె ఏందో తెల్వదన్నవ్ గదా పెద్దమ్మా. గివేంది మరి?"

"గివి మీ బాపుకు తెచ్చిన. నీ డబ్బకు కాదు."

ఖైసర్ నవ్వాడు. ఫర్హీన్ నవ్వలేదు. లేచి వచ్చి దుర్గవ్వ పక్కన మెట్టు మీద కూర్చుంది. సంతకం పెట్టి ఇచ్చిన మాటను అక్కడే, జనం తిరిగే బజారులో, పది నిమిషాల్లో మొత్తం విప్పేసింది. బూడిద, రెండు జాగాలు, మార్కులు, సున్నాలు.

దుర్గవ్వ జిగురు ముద్ద ఒకటి చేతిలో అటూ ఇటూ తిప్పింది.

"బూడిదంటె మన పొయ్యిల బూడిద లెక్కనా?"

"గంతకంటె సన్నగ. పిండి లెక్క. నీళ్ళల్ల కలిపి పైపులతోని పంపుతరు. ఎండినంక గాలికి లేస్తది."

"మరి ఊట?"

ఊటపల్లెకు ఆ పేరు ఊట వల్లనే వచ్చింది. గుట్ట మొదట్లో రెండు బండల మధ్య నుంచి ఎండాకాలం కూడా నీళ్ళు వస్తాయి. ఫర్హీన్ మెట్టుకు అంటిన జిగురును గోటితో గీకింది. దుర్గవ్వకు అర్థమైంది.

"నిజం చెప్తె ఆపుతరా బిడ్డా?"

"ఆపుతరు."

ఆ మాట ఆమె నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందంటే, తుమ్ము కూడా అంత సులువుగా రాదు. గల్లా దగ్గర ఖైసర్ తక్కెడ దించి చూశాడు.

"బేటా, ఆపుతరని నీకెవరు చెప్పిండ్రు?"

"లెక్క అబ్బా. మార్కులు ఎక్కువొస్తె ఆపాల్సిందే."

"లెక్క చెప్పిందా, మనిషి చెప్పిండా?"

"మనిషైతె మాట మారుస్తడు. లెక్క మార్చదు."

ఖైసర్ మళ్ళీ తక్కెడ ఎత్తుకున్నాడు. ఎమ్మెస్సీ చదివిన బిడ్డ. అతను అయిదో తరగతి.

* * *

మళ్ళీ సర్వే చేస్తానని ఫర్హీన్ అడిగితే లింగమూర్తి సారు సరేనన్నాడు. ఆయన వాళ్ళ సూపర్‌వైజరు. మెత్తని మనిషి. ఎవరినీ గట్టిగా అన్న పాపాన పోలేదు. ఉద్యోగం తీసేసేటప్పుడు కూడా బిస్కెట్ ప్లేటు ముందుకు జరిపి తీసేస్తాడు. "అరవై రెండు సున్నాలంటె నాకు గూడ అనుమానమే అనిపించిందమ్మా. ఒక్క రోజు తీస్కో," అన్నాడు.

ఆదివారం ఊటపల్లె బడి అరుగు మీద అందరూ కూర్చున్నారు. దుర్గవ్వ లేచి నిలబడి సంగతి చెప్పింది. చెప్పగానే గట్టయ్య అందుకున్నాడు.

"వదినా, నేను ఒక్కసారి నిజం జెప్పిన. ఇప్పటిదాంక నెలనెల లక్సెట్టిపేట కోర్టుకు తిరుగుతున్న. ఆడి గుమాస్తా నన్ను పేరువెట్టి పిలుస్తుండు. ఇంటి మనిషి లెక్క చాయ్ తాగిపిస్తుండు. నాకు గా చాయ్ వద్దు."

"చాయ్ గురించి కాదు గట్టయ్యా. అడవే పోతదంటున్నది పొల్ల."

"పోతదని గా పొల్ల చెప్పింది. ఉంటదని ఎవరు చెప్పిండ్రు?"

అందరూ ఫర్హీన్ వైపు చూశారు. ఆమె ఏదో అనబోయింది. అంతకుముందే దుర్గవ్వ, "నేను చెప్తున్న," అంది. "ఖైసర్ సేటు బిడ్డ. చిన్నప్పటి సంది ఎరుక. నా మాట మీద చెప్పుండ్రి. ఏమన్నైతె నన్ను అడుగుండ్రి."

ఊళ్ళో దుర్గవ్వ మాటకు ఉన్న బరువు అలాంటిది. గట్టయ్య తలపాగా విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు. ఒప్పుకున్నట్టే.

ఇరవై ఏళ్ళుగా అడవి ముఖం చూడని దుర్గవ్వ మొదలుపెట్టింది. ఆగలేదు. వారానికి నాలుగు మోపులు, వానాకాలం ముందు ఏడు. ఫాల్గుణంలో ఇప్పపువ్వు, తన ఇంటికి మూడు చెట్లు, పెద్ద చెట్టుకు పడితే రోజుకు రెండు గంపలు. ఎండాకాలంలో తునికాకు, వేకువన పోతే పొద్దెక్కేసరికి అరవై కట్టలు. మొర్రి పండ్లు పిల్లలకు, గింజలోని పలుకు అంగడికి. తొలకరి ఉరిమిన మూడో రోజు పుట్టకొక్కులు, అవి ఏ పుట్ట మీద లేస్తాయో ఆమె ఒక్కదానికే తెలుసు, చెప్పదు, రాసుకో కానీ జాగా అడగకు. అడవి కాకర. కంక బొంగులు, బుట్టలకు. చీపురు పుల్ల. మోదుగాకు, విస్తర్లకు. బాలింతకు ఒక బెరడు, పాము కరిచినోడికి ఒక వేరు, ఆ వేరు పనిచేయదు కానీ ఆసుపత్రికి చేరేదాకా మనిషికి ధైర్యం ఇస్తుంది. మేకలు ఇరవై మూడు, తిననిది బండలు మాత్రమే. ఊటలోంచి రోజుకు ఆరు బిందెలు.

ఆమె తరువాత మిగిలిన ఇళ్ళు. కొందరు ఒప్పుకుంటూ తల దించుకున్నారు. ఏదో దొంగతనం ఒప్పుకున్నట్టు. అరవై రెండో వేలిముద్ర పడేసరికి ట్యాబ్ వేడెక్కి రొట్టె కాల్చుకోవచ్చేమో అన్నట్టుంది. ఎవరూ పెంచలేదు. గట్టయ్య అయితే మూడున్నర మోపులని చెప్పి, కాసేపాగి మళ్ళీ వచ్చి, "ఆ సగం తీసెయ్ బిడ్డా, సగం మోపు పోయిన వారం మా అల్లుడు తెచ్చిండు," అన్నాడు.

బస్సులో తిరిగి వస్తూ ఫర్హీన్ ట్యాబ్‌ను ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద ఉంచి కూర్చుంది.

* * *

మూడు వారాల తరువాత మంచిర్యాల ఆఫీసులో లింగమూర్తి సారు బిస్కెట్ ప్లేటు ముందుకు జరిపాడు. అప్పుడే ఫర్హీన్‌కు సగం అర్థమైంది.

కంప్యూటర్ మీద రెండు స్తంభాలు. బోడగుట్ట నలభై మూడు. ఊటపల్లె ముప్పై ఒకటి.

"నీళ్ళకు మంచిగ పడ్డయ్, చెట్లకు మంచిగ పడ్డయ్," అన్నాడాయన. "రెండు కలిపి నలభై అయిదు. జనం వాడకం దగ్గర పోయింది. మైనస్ పద్నాలుగు."

"మైనస్సా సార్? అంత వాడుకుంటున్నరు గదా."

"అదే కదమ్మా. అది రిజర్వు అడవి. పర్మిటు లేకుంట తీస్కునేది అడవి చేసే సేవ కింద రాయరు. అడవికి నష్టం కింద రాస్తరు. మోపుకు ఇంతని, గంపకు ఇంతని కొట్టేస్తరు."

"మరి బోడగుట్ట?"

"అది ఊరుమ్మడి జాగా. ఎవరి పర్మిటు అవసరం లేదు. ఏది తీసినా ప్లస్సే."

"ఆడ ఇంటికి తొంభై తొమ్మిది చెప్పిండ్రు సార్. షుగరున్న ముసలమ్మ గూడ."

"అవి సాఫ్ట్‌వేర్ అప్పుడే కోసేసింది. మరీ ఎక్కువుంటె తీసేసి జిల్లా సగటు పెట్టుకుంటది. దానికి తెలుసు, జనం ఎక్కువ చెప్తరని." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "తక్కువ చెప్తరని మాత్రం దానికి ఎవరూ చెప్పినట్టు లేరు."

ఫర్హీన్ స్తంభాలను చూస్తూ ఉండిపోయింది. పొట్టిది ఊటపల్లె. ఆ తరువాతి ప్రశ్న అడగకుండా ఉంటే బాగుండునని ఆమెకు ఆ తరువాత చాలాసార్లు అనిపించింది.

"సార్, పాత సున్నాలే ఉంటె?"

లింగమూర్తి సారు లెక్క వేయాల్సిన అవసరం లేదు. అయినా వేశాడు. కాగితం మీద నలభై అయిదులోంచి సున్నా తీసేసి, కింద గీత గీసి, నలభై అయిదు అని రాశాడు.

"రెండు మార్కులతోని గెలిచేది," అన్నాడు.

కిటికీ బయట బొగ్గు లారీ ఒకటి రివర్సు చేసుకుంటూ, చాలాసేపు కూత పెట్టింది.

"పాతదే పంపుండ్రి సార్. మొదటి సర్వే ఉన్నది గదా."

"రెండోదాంట్ల వేలిముద్రలున్నయ్. గొంతులున్నయ్. వాళ్ళంతట వాళ్ళే ఒప్పుకున్నరు. ఒప్పుకోలేదని నేనెట్ల రాయాలె? మల్ల చేస్తనని నువ్వే అడిగినవ్ గదమ్మా."

"మైనస్ అని ట్రెయినింగుల చెప్పలే సార్."

"మనం రాసేటోళ్ళం. మార్కులేసేటోళ్ళు వేరే. నాకు గూడ మొన్ననే తెలిసింది." ఆయన ప్లేటును ఇంకొంచెం జరిపాడు. అది టేబులు అంచుకు వచ్చి ఆగింది. "తిను ఫర్హీన్. పొద్దటిసంది ఏం తినలే నువ్వు."

ఆమె ఒక బిస్కెట్ తీసుకుంది. నోట్లో పెట్టుకోలేదు. బస్టాండు దాకా చేతిలోనే ఉంది. అక్కడ చూసుకుంటే పిండి మాత్రమే మిగిలింది.

* * *

దుర్గవ్వ ఇప్పచెట్టు కింద ఊడుస్తోంది. ఇంకో పదిహేను రోజుల్లో పువ్వు రాలుతుంది. అప్పటికి చెట్టు కింద ఆకు, అలము లేకుండా నేల అద్దంలా ఉండాలి. లేకపోతే పువ్వు చెత్తలో కలిసిపోతుంది. ఊళ్ళో ప్రతి ఇల్లూ తన చెట్ల కింద ఇట్లా ఊడ్చుకుంటుంది. ఊడ్చిందంటే ఆ చెట్టు ఆ ఏడుకు వాళ్ళదే. ఇంకొకరు పువ్వు ముట్టరు.

ఫర్హీన్ వచ్చి నిలబడింది. ట్యాబ్ వాపసు ఇచ్చేసింది కాబట్టి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పోయింది పెద్దమ్మా," అంది.

దుర్గవ్వ ఊడవడం ఆపింది. ఫర్హీన్ ఓడిపోయిన సంగతి ఒక్కటే చెబుదామనుకుని వచ్చింది. కానీ మైనస్ సంగతి చెప్పింది. సగటు సంగతి చెప్పింది. చివరికి రెండు మార్కుల సంగతి కూడా చెప్పేసింది. చెబుతున్నప్పుడు చెట్టు వైపు చూస్తూ చెప్పింది.

"అంటె, నేను మొదటిపారి చెప్పిందే ఉంచుతె అడవి ఉంటుండె," అంది దుర్గవ్వ.

"అవును."

"బూడిద ఎప్పుడస్తదట?"

"వానలు పడకముందే కట్ట పోస్తరట."

దుర్గవ్వ చీపురు నేల మీద పెట్టి, దాని పక్కనే తనూ కూర్చుంది. ఏడవలేదు. తిట్టలేదు. ఫర్హీన్ తిడుతుందేమోనని ఎదురుచూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"నాది తప్పు పెద్దమ్మా. ఎవ్వరు చెప్పకున్నా ఆపుతరని చెప్పిన."

"నువ్వు నాకు చెప్పినవ్. నేను ఊరికి చెప్పిన." దుర్గవ్వ నేల మీద పడిన ఒక ఆకు ఏరి పక్కన పారేసింది. "గీ రెండు మార్కుల ముచ్చట ఇంకెవ్వలకన్న చెప్పినవా?"

"లే."

"చెప్పకు. ఓడిపోయినమని చెప్పు. మనమే ఓడగొట్టుకున్నమని మాత్రం చెప్పకు. నన్ను జూసి వేలు వెట్టిండ్రు అందరు. నేను గీ ఊళ్ళెనే ఉండాలె. ఉన్నన్ని దినాలు."

"మరి ఏం చెప్పాలె?"

"గోదావరి అవతలోళ్ళు ఎక్కువ చెప్పిండ్రను. గంతే."

ఫర్హీన్ తల ఊపింది. నిజం చెప్పండని ఊరంతటినీ కూర్చోబెట్టి అడిగి నెల రోజులు కాలేదు.

అంతలోనే గట్టయ్య వచ్చాడు. అతని చేతిలో కూడా చీపురు ఉంది. అతని చెట్టు నాలుగడుగుల అవతలే. ఇద్దరి మొహాలూ చూసి నిలబడిపోయాడు.

"ఏమైంది వదినా? మార్కులొచ్చినయా?"

దుర్గవ్వ లేచి చీపురు అందుకుంది. అతని వైపు వీపు పెట్టి ఊడవడం మొదలుపెట్టింది. చెప్పాల్సింది ఫర్హీనే.

"వచ్చినయ్ కాకా. పోయింది. అవతల బోడగుట్టోళ్ళు ఎక్కువ చెప్పిండ్రు."

"ఎంత జెప్పిండ్రు?"

"ఇంటికి తొంభై తొమ్మిది మోపులు."

గట్టయ్య కోపగించుకోలేదు. నోరు తెరిచి, కాసేపు అట్లాగే ఉంచాడు. ఆ తరువాత అతని మొహంలో కనిపించింది బాధ కూడా కాదు. అంగడిలో అందరూ చవగ్గా కొన్న వస్తువును తానొక్కడే అసలు ధరకు కొన్నానని ఇంటికి వచ్చాక తెలిసినవాడి మొహం.

"తొంభై తొమ్మిది," అన్నాడు. "మనం గూడ జర పెంచి చెప్పకపోతిమి. మూడు చెప్పినమ్మా. మూడు. అదీ సగం తీసెయ్యమని మల్లచ్చి చెప్పిన."

"అవును కాకా."

"వంద చెప్తె ఏం పోతుండె? నా ఒక్క ఇంటికే రెండు వందలు చెప్తె ఆగిపోతుండె గదా?"

దుర్గవ్వ చీపురు చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

"ఆగిపోతుండె కాకా," అంది ఫర్హీన్.

"ఇప్పపువ్వు మూడొందల గంపలు చెప్తుంటి. తేనె డ్రమ్ములల్ల చెప్తుంటి. నువ్వు రాసుకుంటుంటివి గదా?"

"రాసుకుంటుంటి కాకా."

గట్టయ్య తన చెట్టు కిందికి పోయి, వంగి, ఊడవడం మొదలుపెట్టాడు. ఊడుస్తూనే పెంచుకుంటూ పోయాడు. కట్టెలు అయిదు వందల మోపులు. మేకలు వెయ్యి. ప్రతి అంకెకూ అతను తలెత్తి ఫర్హీన్ వైపు చూశాడు. ప్రతిసారీ ఆమె అవునంది.